సిరొంచ గుంతల్లో సస్పెన్షన్ సత్తా

సిరొంచ నుంచి జిల్లా కేంద్రం గడ్చిరోలికి దాదాపు 200 కిలోమీటర్లు. అందులో అల్లపల్లి దాకా సగం దూరం అడవి దారి. వానలకు, లారీల బరువుకు అక్కడ తారు లేచిపోయి గుంతలు పడుతుంటాయి. రోగినో, నిండు గర్భిణినో ఎక్కించుకుని ఆ దారిన పోయే బండికి కుదుపు తగ్గడం షోకు కాదు, అవసరం. అయినా సస్పెన్షన్ గురించి అపోహలు తక్కువేం కాదు.

అపోహ: బండి బరువు మోసేవి షాక్ అబ్జార్బర్లు.

మోసేవి స్ప్రింగులు. బొలెరో వెనక ఉండే కమాన్ కట్టలైనా, ఫార్చూనర్‌లోని చుట్ట స్ప్రింగులైనా పని అదే. గుంత దాటాక స్ప్రింగు ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును అణచేది షాక్ అబ్జార్బర్‌లోని నూనె. పిస్టన్ కదిలినప్పుడల్లా నూనె సన్నటి రంధ్రాల్లోంచి దూరాలి. అలా ఊపులోని శక్తి వేడిగా మారుతుంది. గంటల తరబడి గతుకుల్లో నడిస్తే నూనె నురగెత్తి పట్టు సడలుతుంది. చాలా షాక్ అబ్జార్బర్లలో నైట్రోజన్ నింపేది అందుకే.

అపోహ: గట్టి సస్పెన్షన్ ఉంటేనే మలుపుల్లో పట్టు.

ఎత్తయిన బండి ఒరగకుండా కుడి ఎడమ చక్రాలను ఒక కడ్డీ కలుపుతుంది. అదే యాంటీ రోల్ బార్. అది బిరుసుగా ఉంటే మంచి రోడ్డు మీద లాభమే. కానీ ఒక చక్రం గుంతలో దిగితే రెండోదాన్నీ కదిలిస్తుంది, లోపలివాళ్లు పక్కలకు ఊగిపోతారు. టొయోటా 2007 నాటి ల్యాండ్ క్రూజర్ 200లో దీనికి నూనెతోనే విరుగుడు చూపింది. కేడీఎస్ఎస్ అనే ఆ ఏర్పాటులో ముందు, వెనక కడ్డీలకు హైడ్రాలిక్ సిలిండర్లు బిగించి గొట్టాలతో కలిపారు. మలుపులో రెండు కడ్డీల మీదా ఒత్తిడి ఒకే తీరున పడుతుంది, నూనె కదలదు, కడ్డీలు బిగుస్తాయి. గుంతల్లో ముందు చక్రాలు ఒక వైపు, వెనకవి మరో వైపు వాలితే నూనె అటూ ఇటూ పారి కడ్డీలను వదులు చేస్తుంది. 2010లో వచ్చిన నిస్సాన్ పెట్రోల్ వై62 హైడ్రాలిక్ రకమైతే ఆ కడ్డీలనే తీసేసి, షాక్ అబ్జార్బర్లను గొట్టాలతో కలిపింది.

అపోహ: ఇదంతా కోట్ల బండ్ల వ్యవహారం.

కుదుపులు ఎంత త్వరత్వరగా వస్తున్నాయో దాన్ని బట్టి బిగువు మార్చుకునే షాక్ అబ్జార్బర్లు 2022 నాటి స్కార్పియో-ఎన్‌లోనే ఉన్నాయి. ఏ బండిదైనా షాక్ అబ్జార్బర్ మీద నూనె కారిన జాడ కనిపిస్తే వెంటనే మెకానిక్‌కు చూపించాలి. ఊపు ఆగని చక్రం నేలను సరిగా పట్టదు, బ్రేకు వేసినా బండి ఆలస్యంగా ఆగుతుంది.