భారత వాయుసేన: అంగాలు, ఆపద్బలాలు

మహాభారతం ఆదిపర్వంలో సేనల పరిమాణాన్ని వివరించే ఘట్టం ఒకటి ఉన్నది. ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, అయిదుగురు కాలిబంట్లు కలిస్తే ఒక పత్తి. మూడు పత్తులు ఒక సేనాముఖం. మూడు సేనాముఖాలు ఒక గుల్మం. ఇదే విధంగా మూడింతలవుతూ గణం, వాహిని, పృతన, చమువు, అనీకిని అనే మెట్లు దాటి, పది అనీకినులు కూడినప్పుడు అక్షౌహిణి ఏర్పడుతుంది. సాధారణ పాఠకులు దీనిని వల్లె వేయదగిన లెక్కగా మాత్రమే భావిస్తారు. కాని ఇందులో సేనా నిర్వహణకు మూలమైన సూక్ష్మం ఒకటి ఇమిడి ఉన్నది. ఒక నాయకుడు స్వయంగా నడిపించగల బలానికి హద్దు ఉంటుంది. ఆ హద్దు దాటిన ప్రతిసారీ నడుమ మరొక నాయకుడు కావాలి.

నేటి వాయుసేనకు కూడ ఈ సూత్రం వర్తిస్తుంది. అయితే ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. రథం నేలను విడువదు. యుద్ధ విమానం ఉదయం ఒక సరిహద్దులోను, మధ్యాహ్నం వేరొక సరిహద్దులోను ఉండగలదు. నేలను భాగాలుగా పంచి ఒక్కొక్క భాగాన్ని ఒక్కొక్కరికి అప్పగించడం సులభం. ఆకాశాన్ని పంచడం సులభం కాదు. భారత వాయుసేనలో కమాండ్లు ఏర్పడిన తీరు, వాటిలో వచ్చిన మార్పులు, వాటిపై సాగుతున్న వాదోపవాదాలు ఈ చిక్కుముడి చుట్టూ తిరిగినవే.

భారత వాయుసేన 1932 అక్టోబరు 8న చట్టరీత్యా అవతరించింది. మరుసటి సంవత్సరం ఏప్రిల్ 1న కరాచీలో తొలి స్క్వాడ్రన్ ప్రారంభమైనప్పుడు దాని చేతిలో ఉన్నవి నాలుగు వాపిటి విమానాలు. అంతటి చిన్న దళానికి అంగవిభాగంతో పనిలేదు. స్వాతంత్ర్యానంతరం బలం పెరగడంతో 1949 జూలై 22న రెండు కమాండ్లు ఏర్పడ్డాయి. ఢిల్లీలో ఉన్నది యుద్ధ కార్యాలకు, బెంగుళూరులో ఉన్నది శిక్షణకు. అంటే తొలి విభజన ప్రదేశాన్నిబట్టి కాక, పనినిబట్టి జరిగింది. పోరాడేవారు ఒక వైపు, పోరాడేవారిని తయారుచేసేవారు ఒక వైపు. 1955 జనవరి 26న మరమ్మతుల, సామగ్రి సరఫరాల బాధ్యత కలిగిన మెయింటెనెన్స్ కమాండ్ కాన్పూరులో ఏర్పడింది. అనంతర కాలంలో దాని కేంద్రం నాగపూరుకు మారింది.

ప్రదేశాన్నిబట్టి విభజించవలసిన అవసరం దేశం విస్తీర్ణం వల్లనే వచ్చింది. ఢిల్లీలోని ఒకే అధికారి పంజాబు మైదానాలను, అస్సాం కొండలను ఒకేసారి కనిపెట్టి ఉండలేడు. 1950ల చివరలో తూర్పు ప్రాంతానికి వేరుగా కమాండ్ ఏర్పడింది. దాని కేంద్రం మొదట కలకత్తాలో ఉండేది. చైనాతో యుద్ధం ముగిసిన తరువాత, 1963లో, అది షిల్లాంగ్‌కు తరలింది. ఢిల్లీలోని కమాండ్ పశ్చిమ వాయు కమాండ్ అయింది. 1962లో మధ్య వాయు కమాండ్ ఏర్పడింది; దానికి అలహాబాదు, అంటే నేటి ప్రయాగ్‌రాజ్, నెలవైంది.

అయితే కమాండ్లు ఏర్పడినంతమాత్రాన పని జరుగదని ఆ సంవత్సరమే రుజువైంది. 1962 యుద్ధంలో రవాణా విమానాలు, హెలికాప్టర్లు కొండ శిబిరాలకు ఆహారం, ఆయుధాలు చేరవేసి, గాయపడినవారిని దింపుకొని వచ్చాయి. యుద్ధ విమానాలను మాత్రం దాడికి పంపలేదు. ఆ నిర్ణయం కమాండ్లలో జరిగినది కాదు. రాజధానిలో, ప్రభుత్వ స్థాయిలో జరిగింది. మూడేళ్ళ తరువాత దీనికి పూర్తిగా భిన్నమైన దృశ్యం కనిపించింది. 1965 సెప్టెంబరు 1న ఛంబ్ ప్రాంతంలో పాకిస్తాన్ టాంకులు ముందుకు వస్తున్నప్పుడు, వాయుసేనాధిపతి అర్జన్ సింగ్‌కు రక్షణ మంత్రి వై.బి. చవాన్ అనుమతి ఇచ్చారు. గంట తిరుగక ముందే పఠాన్‌కోట్ నుండి విమానాలు లేచాయి. ఆ సాయంత్రం నాలుగు వాంపైర్ విమానాలను కోల్పోవలసి వచ్చింది. అవి అప్పటికే పాతబడిన విమానాలు. వేగంగా అందిన ఆజ్ఞ ఎంత విలువైనదో, దానికి తగిన విమానం లేకపోతే ఆ వేగానికి చెల్లించవలసిన మూల్యం ఎంతటిదో ఆ ఒక్క సాయంత్రమే తెలియజేసింది.

తరువాతి విస్తరణ కూడ సరిహద్దుల అవసరాలను అనుసరించినదే. 1980లో నైరుతి వాయు కమాండ్ ఏర్పడి రాజస్థాన్ ఎడారిని, గుజరాత్ తీరాన్ని తన పరిధిలోకి తీసుకొన్నది. 1998 నుండి దాని కేంద్రం గాంధీనగర్. 1984లో తిరువనంతపురం కేంద్రంగా దక్షిణ వాయు కమాండ్ మొదలైంది. చాలాకాలం పాటు దక్షిణాన శత్రుభయం లేదన్న భావం ఉండేది. హిందూ మహాసముద్రం ప్రాముఖ్యం పెరిగిన కొలది ఆ భావం మారింది. 2020 జనవరిలో తంజావూరులో సుఖోయ్-30 విమానాల స్క్వాడ్రన్‌ను నెలకొల్పడం ఈ మార్పునకు నిదర్శనం. ఈ విధంగా పశ్చిమ, మధ్య, తూర్పు, నైరుతి, దక్షిణ కమాండ్లు అయిదు యుద్ధ కార్యాలకు, శిక్షణ, మెయింటెనెన్స్ కమాండ్లు రెండు పోషణకు, వెరసి ఏడు అయినాయి. ఒక్కొక్కదానికి ఎయిర్ మార్షల్ హోదా గల అధికారి అధిపతి. వీరందరిపైన ఢిల్లీలో వాయుసేనాధిపతియైన ఎయిర్ చీఫ్ మార్షల్ ఉంటారు.

కమాండ్ క్రింద వాయు స్థావరాలు, వాటిలో వింగ్‌లు, వింగ్‌లో స్క్వాడ్రన్లు, స్క్వాడ్రన్‌లో ఫ్లైట్లు ఉంటాయి. యుద్ధ విమానాల స్క్వాడ్రన్‌లో సాధారణంగా పదహారు నుండి పద్దెనిమిది విమానాలు ఉంటాయి. హోదాల పేర్లు మాత్రం క్రొత్తవారిని తికమక పెడతాయి. వింగ్ కమాండర్ సాధారణంగా నడిపేది వింగ్‌ను కాదు, స్క్వాడ్రన్‌ను. స్క్వాడ్రన్ లీడర్ అతని క్రింద పనిచేసే అధికారి. బ్రిటిష్ వాయుసేననుండి సంక్రమించిన ఈ పేర్లలో అర్థం ఒక మెట్టు జారిపోయినా మాట నిలిచిపోయింది. భాషలో పదాలకు అర్థసంకోచం, అర్థవ్యాకోచం కలిగినట్లే ఇదీ ఒక పరిణామం.

తెలుగు ప్రాంతంలోని స్థావరాలన్నీ ఒకే కమాండ్‌కు చెందినవి కావు. హైదరాబాదు సమీపంలోని దుండిగల్ వాయుసేన అకాడమీ బెంగుళూరులోని శిక్షణ కమాండ్ పరిధిలోనిది. దానికి 1967లో రాష్ట్రపతి జాకీర్ హుసేన్ శంకుస్థాపన చేశారు. బాపట్ల దగ్గర సముద్రపుటొడ్డున క్షిపణులను ప్రయోగించి పరీక్షించే సూర్యలంక స్థావరం దక్షిణ కమాండ్‌కు చెందుతుంది. ఒక చోట జరిగేది విద్యాభ్యాసం, మరొక చోట జరిగేది ఆయుధ ప్రయోగం. కనుక నాయకత్వాలు కూడ వేరు.

కమాండ్ల హద్దులు నేలకే గాని విమానాలకు కావని 1999 కార్గిల్ యుద్ధం స్పష్టపరచింది. ఆ యుద్ధరంగం పశ్చిమ కమాండ్‌ది. మే 26న వాయుసేన దాడులు మొదలుపెట్టింది. మొదటి మూడు రోజులలోనే రెండు యుద్ధ విమానాలను, ఒక హెలికాప్టర్‌ను కోల్పోయింది. పదునారు వేల అడుగులకు పైబడిన శిఖరాలపై దాగిన లక్ష్యాలను కొట్టడానికి మిరాజ్-2000 విమానాలు అవసరమైనాయి. వాటి నెలవు గ్వాలియర్. అది మధ్య కమాండ్‌ పరిధిలోనిది. అక్కడి స్క్వాడ్రన్లు ఆదంపూర్ వంటి పశ్చిమ స్థావరాలకు తరలివచ్చి, పశ్చిమ కమాండ్ ఆజ్ఞలకు లోబడి పోరాడినాయి. జూన్ 17న ముంథో ఢాలో వద్ద ఉన్న శత్రువుల సరఫరా శిబిరాన్ని ధ్వంసం చేసినవి అవే. జూన్ 24న టైగర్ హిల్‌పై లేజర్ కిరణం చూపిన గురికి బాంబు వేసినవీ అవే. పని ముగిసిన తరువాత అవి తమ నెలవుకు వెళ్ళిపోయినాయి. కమాండ్ అనేది విమానాల యజమాని కాదు, యుద్ధ సమయంలో వాటిని ప్రయోగించే చేయి మాత్రమే అన్న భావనకు ఇంతకంటె చక్కని ఉదాహరణ దొరకదు.

2019 తరువాత ఊపందుకొన్న థియేటర్ కమాండ్ల చర్చను ఈ నేపథ్యంలోనే అర్థం చేసుకోవాలి. తూర్పు సరిహద్దును చూచే పదాతి సేన కమాండ్ కేంద్రం కోల్‌కతాలో, వాయుసేన కేంద్రం షిల్లాంగ్‌లో, నౌకాదళ కేంద్రం విశాఖపట్నంలో ఉన్నాయి. ఒకే ముప్పును ముగ్గురు నాయకులు మూడు నగరాలనుండి ఎదుర్కోవాలి. 1971 యుద్ధంలో ఈ ఇబ్బందిని దాటడానికి తూర్పు వాయు కమాండ్ తన ముందస్తు కార్యాలయాన్ని కలకత్తా ఫోర్ట్ విలియంలో, సైనిక కమాండ్ ప్రక్కనే, ఏర్పాటు చేసుకొన్నది. మూడు దళాలను ఒకే నాయకుని క్రిందకు తేవాలన్నది థియేటర్ కమాండ్ల ఆలోచన. అండమాన్ నికోబార్ దీవులలో 2001 నుండి అటువంటి ఉమ్మడి కమాండ్ పనిచేస్తున్నది. పదాతి, నౌకా దళాలతో పోలిస్తే వాయుసేననుండి దీనికి సందేహాలు ఎక్కువగా వినవచ్చాయి. కారణం లెక్కలో ఉన్నది. ప్రభుత్వం మంజూరు చేసిన యుద్ధ విమానాల స్క్వాడ్రన్ల సంఖ్య 42. 2025 సెప్టెంబరు 26న మిగ్-21 విమానాలు సేవనుండి విరమించిన తరువాత మిగిలినవి ముప్పైకి లోపే. ఉన్న కొద్దిపాటి బలాన్ని వాటాలుగా పంచితే గ్వాలియర్ విమానాలను ఆదంపూర్‌కు పిలిచిన ఆ వెసులుబాటు పోతుందని వారి వాదన. ఇది పదవులకోసం జరిగే పెనుగులాటగా కొట్టివేయదగినది కాదు. అలాగే మూడు నగరాలలో ముగ్గురు నాయకులు ఉండడంలోని ఇబ్బంది కూడ కాదనలేనిది.

పోషణ కమాండ్లను గురించి పత్రికలలో తక్కువగా కనిపిస్తుంది. కాని మెయింటెనెన్స్ కమాండ్ క్రింద నాసిక్ సమీపాన ఓఝర్‌లో మిగ్-29, సుఖోయ్ విమానాలను, చండీగఢ్‌లో హెలికాప్టర్లను విప్పి, మరల కూర్చే డిపోలు ఉన్నాయి. నిర్ణీత గంటలు ఎగిరిన తరువాత విమానం అక్కడికి చేరక తప్పదు. స్క్వాడ్రన్ పట్టికలో ఉన్న విమానాలన్నీ ఏనాడూ ఎగరడానికి సిద్ధంగా ఉండవు. పట్టికలోని సంఖ్యకు, ఆ ఉదయం నిజంగా లేవగల విమానాల సంఖ్యకు నడుమ ఉన్న అంతరాన్ని తగ్గించడమే ఈ కమాండ్ చేసే యుద్ధం.

ఇక ఆపద్బలాలు, అనగా రిజర్వులు. కౌటిల్యుని అర్థశాస్త్రం సేనలను మౌలం, భృతం, శ్రేణి, మిత్రం, అమిత్రం, ఆటవికం అని ఆరు విధాలుగా చెప్పింది. వంశపారంపర్యంగా రాజును కనిపెట్టి ఉండేది మౌలబలం. వేతనానికి కుదిరినది భృతబలం. ఇతర వేళలలో తమ వృత్తులు చేసుకొంటూ అవసరమైనప్పుడు ఆయుధం పట్టే సంఘాలవారిది శ్రేణీబలం. నేటి రిజర్వుకు దగ్గరగా ఉండేది ఈ శ్రేణీబలమే.

భారత వాయుసేనలో దీనికి తొలి రూపం రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో కనిపిస్తుంది. 1939లో వలంటీర్ రిజర్వు ఏర్పడి, లైసెన్సు గల పౌర విమాన చోదకులు అందులో చేరారు. మద్రాసు, బొంబాయి, కలకత్తా, కరాచీ, కొచ్చిన్ రేవులలోను, ఆపైన విశాఖపట్నంలోను తీర రక్షణ దళాలు ఏర్పడినాయి. పాత వాపిటి వంటి విమానాలతో వారు సముద్రంపై గస్తీ తిరిగి, ఓడల రాకపోకలను కనిపెట్టి ఉండేవారు. విశాఖపై జపాన్ విమానాలు బాంబులు వేసినది 1942 ఏప్రిల్ 6న. ఆ కాలంలో తీరాన్ని కాచినవారిలో అంతకు కొన్నేళ్ళ ముందు వినోదం కొరకు విమానం నడిపినవారు కూడ ఉన్నారన్నది గమనార్హం. అదే సంవత్సరం చివరకు ఆ దళాలు రద్దయి, వాటి సిబ్బంది క్రొత్త స్క్వాడ్రన్లకు ఆధారమైనారు.

స్వతంత్ర భారతంలో 1952 నాటి చట్టం మూడు ఏర్పాట్లను నిర్దేశించింది. సేవ ముగించినవారితో కూడిన రెగ్యులర్ రిజర్వు మొదటిది. విమానయానంలో నైపుణ్యం గల పౌరుల పేర్లు నమోదు చేసి, అవసరమైతే పిలువగల ఎయిర్ డిఫెన్స్ రిజర్వు రెండవది. మూడవది ఆగ్జిలరీ ఎయిర్ ఫోర్స్. ఢిల్లీ, బొంబాయి, మద్రాసు మొదలైన చోట్ల ఏడు ఆగ్జిలరీ స్క్వాడ్రన్లు వెలసినాయి. ఉద్యోగులు, వ్యాపారులు తీరిక దినాలలో వచ్చి శిక్షణ పొందేవారు. కాలక్రమాన ఆ స్క్వాడ్రన్లు అంతరించాయి. విమానం జటిలమైన కొలది వారాంతపు సాధన దానికి చాలకపోయింది. హార్వర్డ్ వంటి శిక్షణ విమానాన్ని సెలవు దినాలలో నేర్చుకోవచ్చు. ధ్వని వేగాన్ని మించి పోయే విమానం అలవాటు తప్పినవారిని క్షమించదు.

అమెరికా వేరొక మార్గం పట్టింది. అక్కడ వాయుసేన రిజర్వు 1997లో ప్రత్యేక కమాండ్ హోదా పొందింది. దానికి తోడు రాష్ట్రాల గవర్నర్ల ఆధీనంలో ఉండి, దేశం పిలిచినప్పుడు సమాఖ్య సేవలోకి వచ్చే ఎయిర్ నేషనల్ గార్డ్ ఉన్నది. పౌర విమానాలు నడిపే చోదకులు నెలలో కొన్ని దినాలు సైనిక విమానాలు నడుపుతారు. సేవ విరమించిన అనుభవజ్ఞులు ఎక్కువగా ఉండడం, వారికి విమానాలు కేటాయించగల ధనం ఉండడం వల్ల అది సాధ్యమైంది. సొంత రెగ్యులర్ స్క్వాడ్రన్లకే విమానాలు చాలని భారత వాయుసేనకు ఆ మార్గం ఖరీదైనది. ఇక్కడ ఇచ్చే గౌరవ హోదాలు, ఉదాహరణకు 2010లో సచిన్ టెండూల్కర్‌కు ఇచ్చిన గ్రూప్ కాప్టెన్ హోదా, రిజర్వు సేవ క్రిందకు రావు.

2022లో ప్రవేశపెట్టిన అగ్నిపథ్ పథకం ఈ విషయాన్ని క్రొత్త రూపంలో ముందుకు తెచ్చింది. అగ్నివీర్ వాయు పేరిట చేరిన యువకులు నాలుగేళ్ళు సేవ చేస్తారు. వారిలో నాలుగవ వంతుకు మించకుండా దీర్ఘకాల సేవకు తీసుకొనే విధంగా పథకాన్ని రూపొందించారు. తక్కినవారు విమానాల నిర్వహణలోను, సమాచార యంత్రాలలోను శిక్షణ పొంది, చిన్న వయస్సులోనే సమాజంలోకి తిరిగి వస్తారు. వారిని పౌరులుగా మాత్రమే చూడాలా, లేక ఎన్నడైన పిలువదగిన బలంగా పేర్లు నమోదు చేసి ఏటేటా తిరిగి శిక్షణ ఇవ్వాలా అన్నది చర్చనీయాంశమైంది. పిలవాలంటే వారి కొలువులకు, జీతాలకు భరోసా కావాలి. పిలవకపోతే నాలుగేళ్ళ శిక్షణపై వెచ్చించిన దానిలో అధిక భాగం వాయుసేన గడప దాటిపోతుంది.