బెత్తెడు దూరంలో పతకం: ఒలింపిక్ పరుగు వీరుల జీవితాలు



'రెప్పపాటులో జరిగిపోయింది' అని మనం తరచు అంటూ ఉంటాం. రెప్ప మూసి తెరవడానికి కనీసం సెకనులో పదో వంతు కాలమైనా పడుతుంది. సెకనులో నూరో వంతు అంటే, ఆ రెప్పపాటులో మళ్ళీ పదో భాగం. అంత చిన్న కాలాన్ని మన కన్ను పట్టుకోలేదు. కాని ఒలింపిక్ పరుగు పందెంలో పతకం ఎవరిదో ఒక్కొక్కసారి ఆ కాలమే తేలుస్తుంది. ఆ నూరో వంతు ఎక్కడ నుంచి వస్తుంది? అది పోయినప్పుడు క్రీడాకారుడి జీవితం ఏమవుతుంది? ముగ్గురు భారతీయుల జీవితాల ఆధారంగా ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వెతుకుదాం.

సికింద్రాబాదు నుంచి రోముకు

మొదటి వ్యక్తి మిల్ఖా సింగ్. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న పంజాబు ప్రాంతంలో పుట్టారు. 1947 దేశవిభజన నాటి హింసలో తల్లిదండ్రులను కోల్పోయి, శరణార్థిగా ఢిల్లీ చేరారు. కొంతకాలం తరువాత సైన్యంలో చేరి, సికింద్రాబాదులోని ఇ.ఎం.ఇ. కేంద్రానికి వచ్చారు. ఆయన పరుగు జీవితం మొదలైంది అక్కడే. పరుగు పందేలకు ఎంపికైన జవాన్లకు రోజూ అదనంగా ఒక గ్లాసు పాలు ఇచ్చేవారు. తనను పరుగు వైపు లాగినది ఆ పాల గ్లాసేనని ఆయన చెప్పుకునేవారు.

1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన తొలి దశలోనే వెనుదిరిగారు. అక్కడితో ఆగిపోలేదు. 1958లో టోక్యో ఆసియా క్రీడల్లో 200, 400 మీటర్ల పందేలు రెండింటిలోను స్వర్ణ పతకాలు, అదే ఏడాది కార్డిఫ్‌లో జరిగిన కామన్వెల్త్ క్రీడల్లో 440 గజాల పందెంలో స్వర్ణం గెలిచారు. 1960 రోమ్ ఒలింపిక్స్ 400 మీటర్ల ఫైనల్లో నాలుగో స్థానంలో నిలిచారు. ఎలక్ట్రానిక్ గడియారం ప్రకారం ఆయన సమయం 45.73 సెకన్లు. కాంస్యం గెలిచిన దక్షిణాఫ్రికా క్రీడాకారుడు మాల్కమ్ స్పెన్స్ సమయం 45.60 సెకన్లు. తేడా సెకనులో నూటికి పదమూడు వంతులు. ట్రాక్ మీద కొలిస్తే ఒక మీటరుకు కొంచెం ఎక్కువ.

సగం దాటాక తాను వేగం తగ్గించడమే పొరపాటని మిల్ఖా సింగ్ తరువాత ఎన్నోసార్లు చెప్పారు. ఇది అర్థం కావాలంటే 400 మీటర్ల పందెంలో శరీరం ఎలా పనిచేస్తుందో తెలియాలి. మన కండరాలలో నిల్వ ఉండే తక్షణ శక్తి కొద్ది సెకన్లకే సరిపోతుంది. ఆ తరువాత శరీరం తగినంత ఆక్సిజన్ అందకపోయినా గ్లూకోజును విడగొట్టుకుంటూ శక్తిని తయారుచేసుకుంటుంది. ఈ క్రమంలో కండరాలలో ఆమ్లత పెరిగి కాళ్ళు బరువెక్కుతాయి. అందుకే చివరి 100 మీటర్లలో అందరి వేగమూ పడిపోతుంది. అక్కడ గెలిచేది వేగం పెంచినవాడు కాదు, అందరికన్నా తక్కువగా వేగం కోల్పోయినవాడు. మొదట్లో మరీ ఎక్కువ ఖర్చుపెట్టినా నష్టమే, మధ్యలో మరీ పొదుపు చేసినా నష్టమే.

పయ్యోలి అమ్మాయి

రెండో వ్యక్తి కేరళలోని పయ్యోలికి చెందిన పి.టి. ఉష. ఆమెను తీర్చిదిద్దిన శిక్షకుడు ఓ.ఎం. నంబియార్. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో మహిళల 400 మీటర్ల హర్డిల్స్‌ను తొలిసారిగా ప్రవేశపెట్టారు. ఈ పందెంలో 76.2 సెంటీమీటర్ల ఎత్తున్న పది హర్డిల్స్ దాటాలి. రెండు హర్డిల్స్ మధ్య దూరం 35 మీటర్లు. ఎన్ని అడుగులలో ఆ దూరం దాటాలో క్రీడాకారిణి ముందే లెక్క వేసుకుని సాధన చేస్తుంది. ఒక్క అడుగు తప్పితే లయ దెబ్బతింటుంది.

ఉష సెమీఫైనల్లో మొదటి స్థానంలో వచ్చారు. ఫైనల్లో మరొక క్రీడాకారిణి తుపాకీ మోగకముందే కదలడంతో పందెం మళ్ళీ మొదలుపెట్టవలసి వచ్చింది. రెండోసారి ఉష కొంచెం ఆలస్యంగా బయలుదేరారని అంటారు. మొరాకోకు చెందిన నవాల్ ఎల్ ముతవకెల్ స్వర్ణం గెలిచారు. రుమేనియాకు చెందిన క్రిస్టియానా కొజొకారు 55.41 సెకన్లలో మూడో స్థానంలో నిలిచారు. ఉష సమయం 55.42 సెకన్లు.

ఇప్పుడు మీరే లెక్క కట్టండి. 400 మీటర్లను 55.42తో భాగిస్తే సెకనుకు సుమారు 7.2 మీటర్ల వేగం వస్తుంది. అంటే సెకనులో నూరో వంతులో ఆమె దాటే దూరం సుమారు 7 సెంటీమీటర్లు. నాలుగు వేళ్ళ వెడల్పును మన పెద్దలు బెత్తెడు అంటారు. పతకానికి, ఉషకు మధ్య మిగిలింది ఆ బెత్తెడే.

అక్కడ తనకు అలవాటైన, సరైన పోషకాహారం దొరకలేదని, ఊరగాయతో గంజి తాగి పరుగెత్తానని, చివరి 35 మీటర్లలో ఆ లోటు తెలిసిందని ఉష తరువాతి కాలంలో చెప్పారు. నూరో వంతులో క్రీడాకారిణి కాళ్ళే కాదు, ఆమె వెంట ఉండవలసిన వంటవాడు, వైద్యుడు, అధికారి కూడా లెక్కకు వస్తారన్నమాట.

నూరో వంతును ఎలా కొలుస్తారు?

రోమ్ ఒలింపిక్స్ నాటికి అధికారిక సమయాలు చేతి గడియారాలతో తీసుకున్నవే. మొదటి ఇద్దరికీ 44.9 సెకన్లే వచ్చాయి. అందువల్ల విజేతను ఫోటో ఆధారంగా నిర్ణయించారు. 1977 నుంచి 400 మీటర్ల వరకు ఉన్న పందేలలో ప్రపంచ రికార్డుకు ఎలక్ట్రానిక్ సమయం తప్పనిసరి అయింది. తుపాకీ మోగగానే గడియారం దానంతట అదే మొదలవుతుంది. ముగింపు గీతకు సూటిగా అమర్చిన కెమెరా ఆ గీతను మాత్రమే ఎడతెగకుండా చిత్రిస్తుంది. లెక్కలోకి వచ్చేది మొండెం మాత్రమే. తల, చేయి, కాలు ముందు గీత దాటినా ప్రయోజనం లేదు. పరుగు వీరులు చివర్లో ఛాతీని ముందుకు వంచడం మీరు చూసే ఉంటారు. దానికి కారణం ఇదే.

విశాఖపట్నం హర్డిల్స్ క్రీడాకారిణి

మూడో వ్యక్తి మన విశాఖపట్నానికి చెందిన జ్యోతి యర్రాజి. ఆమె తండ్రి సెక్యూరిటీ గార్డు. ఆమె పందెం 100 మీటర్ల హర్డిల్స్. 2022 ఏప్రిల్‌లో ఆమె 13.09 సెకన్లలో పరుగెత్తి పాత జాతీయ రికార్డును దాటారు. కాని అది రికార్డుగా నమోదు కాలేదు. వెనుక నుంచి వీచే గాలి వేగం సెకనుకు 2.0 మీటర్లు మించకూడదన్నది నియమం. ఆ రోజు అది 2.1 మీటర్లు. మరుసటి నెలలో సైప్రస్‌లో నియమబద్ధంగా రికార్డు సాధించారు. తరువాత ఆ రికార్డును తానే మళ్ళీ మళ్ళీ మెరుగుపరిచి 12.78 సెకన్లకు తెచ్చారు. 2024 పారిస్ ఒలింపిక్స్ నేరుగా అర్హత సాధించడానికి కావలసిన సమయం 12.77. ఇక్కడా అదే నూరో వంతు! ఆమె ప్రపంచ ర్యాంకింగ్ ద్వారా పారిస్ చేరారు. ఒలింపిక్స్‌లో ఈ పందెంలో పాల్గొన్న తొలి భారతీయ మహిళ ఆమే. అక్కడ సెమీఫైనల్ చేరలేకపోయినా, 2025లో ఆసియా ఛాంపియన్‌షిప్స్‌లో 12.96 సెకన్లతో తన స్వర్ణాన్ని నిలబెట్టుకున్నారు.

ఆ తరువాత ఏమిటి?

ఉష 1985 జకార్తా ఆసియా ఛాంపియన్‌షిప్స్‌లో 5 స్వర్ణాలు, 1986 సియోల్ ఆసియా క్రీడల్లో 4 స్వర్ణాలు గెలిచారు. 2002లో బాలికల కోసం శిక్షణ పాఠశాల స్థాపించారు. ఆ పాఠశాలలో తయారైన టింటు లూకా 2012, 2016 ఒలింపిక్స్‌లో 800 మీటర్లు పరుగెత్తారు. 2022 డిసెంబరులో ఉష భారత ఒలింపిక్ సంఘం అధ్యక్షురాలయ్యారు. మిల్ఖా సింగ్ 1962 ఆసియా క్రీడల్లో మళ్ళీ స్వర్ణాలు గెలిచారు. రోములో ఆయన నెలకొల్పిన జాతీయ రికార్డును 1998 వరకు ఎవరూ దాటలేకపోయారు. 2021లో ఆయన మరణించారు.

చూశారా! పందెం నిమిషంలోపే ముగిసింది. దాని వెనుక పదేళ్ళ సాధన ఉంది, దాని తరువాత దశాబ్దాల పని ఉంది. ఫలితాల పట్టికలో 'నాలుగో స్థానం' అన్న మాట చూసినప్పుడు 'ఓడిపోయారు' అని పక్కన పెట్టేయకండి. ఎంత తేడా, ఏ కారణం, ఆ మరుసటి ఏడాది ఆ వ్యక్తి ఏం చేశారు అని అడగండి. మీ బడి మైదానంలో పరుగెత్తే తోటివారిని కూడా అలాగే చూడండి. వారికి కావలసింది పతకం వచ్చాక చప్పట్లు మాత్రమే కాదు. అంతకన్నా ముందు మంచి మైదానం, మంచి శిక్షకుడు, రోజూ ఒక గ్లాసు పాలు.