బండ కడుపులోని నీరు

అనంతపురమునుండి ఉత్తరముగా పోయి గార్లదిన్నె చేరువారికి ఎఱ్ఱనేలలును, నడుమ తలయెత్తిన బూడిదవన్నె బండలును కనబడును. ఈ శిలల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. వీని అడుగున పెద్ద చెఱువేదో దాగియున్నదనియు, తగినంత లోతునకు బోరు దింపినచో అది చిక్కుననియు మనలో పెక్కుర నమ్మకము. ఇచట అట్టి చెఱువు లేదు.

గ్రానైటునకు, నైసునకు నీటిని పట్టియుంచు గుణము స్వతహాగా లేదు. ఎండవానలకు చివికిన పైపొరలో కొంత నీరు నిలుచును. దాని క్రింది పగుళ్ళలో మరికొంత. లోతునకు పోయినకొలది ఆ పగుళ్ళును అరుదగును. అప్పుచేసి రిగ్గు తెప్పించిన రైతు కన్నులయెదుట వట్టి రాతిపొడి లేచుటకు కారణమిదియే.

ఆరవ శతాబ్దమునాటి వరాహమిహిరుడు బృహత్సంహితలో ఒక అధ్యాయమును భూగర్భజలమునకే వినియోగించి, దేహములో నాళములవలె భూమిలో నీటి సిరలు కలవనెను. ఆయన చెప్పిన చెట్ల, పుట్టల గురుతులనన్నిటిని నేడు ప్రమాణముగా గొనలేము. ఈ పోలిక మాత్రము మన బండనేలకు చక్కగా అమరినది. ఒక్క సిరమీద నాలుగు బోరులున్నచో, నాలుగవవాడు మరింత లోతునకు పోయినప్పుడు తక్కిన మూడును ఎండును. క్రొత్తనీరు పుట్టదు. ఎండినవానిలో ఊరి త్రాగునీటి బోరొకటి కావచ్చును.

లోతునీటికి మరియొక దోషము. శిలలో చిరకాలము నిలిచిన నీటిలో ఫ్లోరైడు కరగును. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించినచో అది పండ్లను, ఎముకలను చెఱచును. పిల్లల పండ్లమీది గోధుమవన్నె చారలను ఈ సీమ ఉపాధ్యాయులు చూచియే యుందురు.

ఈ మండలములోని పెనకచెర్లవద్ద మధ్య పెన్నా జలాశయమునకు తుంగభద్ర నీరు వచ్చును. కాలువ పారుచోట బావులకు ఊట హెచ్చును. మెట్టకు వానయే దిక్కు. జిల్లాలో ఏటి సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఎకరముపై మిల్లీమీటరు వాన యనగా నాలుగువేల లీటర్లు. తరగతిలో పిల్లలచేత చేయింపదగిన లెక్క. అందు పెద్దపాలు ఆవిరియై పోవును, లోనికి దిగునది స్వల్పము.

త్రాగునీటి బావికి 250 మీటర్లలోపల అనుమతిలేక మరొక బావి త్రవ్వరాదని 2002 నాటి వాల్టా చట్టము విధించినది. రిగ్గు రాత్రివేళ వచ్చి తెల్లవారకముందే పోవుచోట కాగితముమీది గీత యేమి చేయగలదు? అంతకంటె ఫలించినది రైతులు తామై వేసికొన్న లెక్క. 2003 తరువాత కొన్నియేండ్లపాటు అనంతపురముతో కూడ ఏడు జిల్లాలలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, పల్లెరైతులు వానను, బావులలో నీటిమట్టమును స్వయముగా కొలిచి పదిమందికి కనబడునట్లు పలకలపై వ్రాసిరి. రబీకి ముందు గ్రామమంతయు కూర్చుండి, ఉన్న నీరెంత, వేయదలచిన పంటలు త్రాగునదెంత యని సరిచూచుకొనిరి. లెక్క చాలనిచోట్ల పెక్కురు వరి మానిరి.