మీకు తెలుసా? దేశం దాటితే మందుల చీటీ చెల్లకపోవచ్చు!

తమిళనాడు సరిహద్దును ఆనుకుని ఉన్న మన సత్యవేడు వాళ్లు చెన్నైలో డాక్టరుకు చూపించుకుని, మందులు మాత్రం ఇంటి దగ్గరి షాపులోనే కొనుక్కోవచ్చు. 1940 నాటి ఔషధ చట్టం దేశమంతటికీ ఒక్కటే కాబట్టి తమిళనాడు చీటీ ఇక్కడా చెల్లుతుంది. విమానం ఎక్కితే మాత్రం లెక్క వేరు.

• శ్రీసిటీ పారిశ్రామికవాడలో పనిచేసే జపాన్ ఇంజినీరు తన దేశపు చీటీతో ఇక్కడ మందు కొనలేడు. మన దేశంలో నమోదైన డాక్టరే రాసివ్వాలి.

• మనవాళ్లు జపాన్ వెళ్తే, చీటీ మీద ఇచ్చే మందులు నెలకు సరిపడా తీసుకెళ్లవచ్చు. అంతకు మించితే ‘యున్యు కకునిన్‌షో’ అనే అనుమతిపత్రం ముందే తెప్పించుకోవాలి. సూడోఎఫెడ్రిన్ 10 శాతం మించిన జలుబు మాత్రలైతే చీటీ ఉన్నా నిషేధమే.

• ట్రమడాల్ నొప్పి మాత్రలు, కోడీన్ కలిసిన దగ్గు మందు యూఏఈకి తీసుకెళ్లాలంటే అక్కడి ప్రభుత్వ అనుమతి ఉండాలి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. మన దగ్గరా ట్రమడాల్‌ను 2018లో మత్తుమందుల చట్టం కిందికి తెచ్చారు.

• ఇన్సులిన్‌ను చెక్-ఇన్ పెట్టెలో వేయకండి. సామాను అరలో చలికి గడ్డకడితే అది పనికిరాదు. డాక్టరు లేఖతో పాటు చేతి సంచిలోనే ఉంచుకోండి.

• డోలో అని అడిగితే విదేశీ ఫార్మసీలో అర్థం కాకపోవచ్చు. చీటీలో ‘పారాసెటమాల్ 650 మి.గ్రా.’ అని మందు అసలు పేరు, మోతాదు ఇంగ్లిష్‌లో రాయించుకోండి. మాత్రలను షీట్ల నుంచి తీసి డబ్బాలో పోయకండి. కస్టమ్స్ వాళ్లు చూసేది షీటు మీది పేరే.