పేరు వెనుకనున్న చరిత్ర
(పోటీ పరీక్షలకు చదువుకొను సోదరీమణుల కొఱకు)

పోటీ పరీక్షకు సిద్ధపడుచున్న కూతురో, కోడలో నేడు మన గృహములలో పెక్కింట నున్నారు. తెల్లవారకమునుపే లేచి, ప్రశ్నయు జవాబును ఒక్క పంక్తిలో ముద్రించిన పుస్తకమును చేతబట్టి, వారు పేర్లను వల్లె వేయుచుందురు. వంటయింటిలో నున్న తల్లికిని అత్తకును ఆ పేర్లు చెవినబడుచునే యుండును. “నమీబియా తొలి అధ్యక్షురాలెవరు?” అని యడిగినచో అమ్మాయి తడుముకొనక చెప్పును. “ఆ దేశమెక్కడ నున్నది? ఆమె ఆ పదవి కెట్లు వచ్చెను?” అని యడిగినచో మౌనము వహించును. పరీక్ష ముగిసిన మఱునాటికి ఆ పేరును మఱచును.

పేరును మాత్రమే నేర్చుట గింజను విడిచి పొట్టును దాచుకొనుట వంటిది. 2024, 2025 సంవత్సరములలో పెక్కు దేశములందు ఉన్నత పదవులకు తొలిసారిగా స్త్రీలు వచ్చిరి. పరీక్షలలో వీరిని గూర్చి ప్రశ్నలు తఱచుగా వచ్చునవే. కావున ఈ మాసము వారిలో కొందఱి చరిత్రను మా చదువరులకు నివేదించుచున్నాము. చదువుకొను పిల్లకే గాక, ప్రక్కను కూర్చుండి ప్రశ్నలడుగు తల్లికిని ఇది యుపకరించునని మా యాశ.

మెక్సికో

ఉత్తర అమెరికా ఖండమున అమెరికా సంయుక్త రాష్ట్రములకు దక్షిణమున నున్నది మెక్సికో. 1824లో రిపబ్లిక్కుగా నేర్పడిన ఆ దేశమునకు రెండు వందల యేండ్లపాటు పురుషులే అధ్యక్షులైరి. 2024 జూన్ 2వ తేదీన జరిగిన యెన్నికలో క్లౌడియా షేన్‌బామ్ గెలిచి, అక్టోబరు 1వ తేదీన పదవి స్వీకరించెను. ఆమె భౌతికశాస్త్రము చదివి, శక్తి వనరుల యింజనీరింగులో డాక్టరు పట్టము నందినది. అంతకు ముందు మెక్సికో నగర పాలనాధిపతిగా పనిచేసినది. ఆ యెన్నికలో ఆమెకు ప్రధాన ప్రత్యర్థిగా నిలిచిన సోచిల్ గాల్వెస్ కూడ స్త్రీయే యగుట గమనింపదగినది.

ఇది ఒక్కనాట జరిగినది కాదు. జాతీయ యెన్నికలలో మెక్సికో స్త్రీలకు ఓటుహక్కు 1953లో గాని రాలేదు. పిమ్మట అభ్యర్థులలో ఇంతమంది స్త్రీలుండవలెనని చట్టములు చేసిరి. చట్టము వచ్చినంతనే బుద్ధి మాఱునా? 2009లో కొందఱు స్త్రీలు గెలిచి, ప్రమాణము చేసి, కొలది దినములకే సభను విడిచిరి. వారికి ప్రత్యామ్నాయముగా ముందే పేరు నమోదు చేయించుకొనిన పురుషులు ఆ స్థానములలో కూర్చుండిరి. పేరు స్త్రీది, పీఠము పురుషునిది! 2011లో అచటి యెన్నికల న్యాయస్థానము, స్త్రీ అభ్యర్థికి ప్రత్యామ్నాయముగా స్త్రీయే యుండవలెనని తీర్పు చెప్పి ఆ దారిని మూసివేసెను. 2014లో అభ్యర్థులలో సగము స్త్రీలుండవలెనని రాజ్యాంగములోనే వ్రాసిరి.

ఈ కథ మనకు క్రొత్తదా? 1992లో చేసిన 73వ రాజ్యాంగ సవరణచే మన పంచాయతులలో స్త్రీలకు మూడవవంతునకు తక్కువగాని స్థానములు లభించెను. అయినను సర్పంచి భార్య కాగా, కుర్చీలో భర్త కూర్చుండి వ్యవహారము నడపిన గ్రామములను మన మెఱుగుదుము. మెక్సికో చరిత్రను మన గ్రామముతో పోల్చి చూచుకొనిన పిల్ల దానిని మఱవజాలదు.

నమీబియా

ఆఫ్రికా ఖండమున నైరృతి దిక్కున, అట్లాంటిక్ సముద్రతీరమున నున్న యెడారి దేశము నమీబియా. 2022లో మధ్యప్రదేశమునందలి కూనో వనమునకు ఎనిమిది చీతాలు ఈ దేశమునుండియే వచ్చినవని చెప్పినచో పిల్లలకు వెంటనే గుర్తుండును. మొదట జర్మనీవారును, పిమ్మట దక్షిణాఫ్రికావారును దాని నేలిరి. 1990 మార్చి 21వ తేదీన అది స్వతంత్రమయ్యెను.

నెటుంబో నందీ న్డైత్వా 1952లో జన్మించినది. చిన్ననాటనే స్వాతంత్ర్యోద్యమములో చేరి, 1974లో దేశమును విడిచి ప్రవాసమున నుండి పనిచేసినది. స్వాతంత్ర్యానంతరము పలు మంత్రిపదవులను నిర్వహించినది. 2000 నుండి 2005 వఱకు స్త్రీ సంక్షేమ శాఖ ఆమెది. ఆ కాలముననే, 2003లో, గృహహింసను నిరోధించు చట్టము ఆ దేశమున వచ్చెను. మనకట్టి చట్టము 2005లో వచ్చినది. 2024 నవంబరు మాసపు టెన్నికలో గెలిచి, 2025 మార్చి 21న, అనగా స్వాతంత్ర్య దినమునాడే, డెబ్బదిరెండేండ్ల ప్రాయమున ఆమె అధ్యక్షపదవి నధిష్ఠించినది. పరాయి పాలనలో పుట్టిన బాలిక, ఆ పాలన తొలగిన దినమునే దేశాధినేత్రి యగుట ఎంతటి విశేషము! తేదీకి అర్థము తెలిసినచో వల్లె వేయ నక్కఱలేదు.

ఒలింపిక్ సంఘము

1894లో స్థాపింపబడిన అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమునకు 2025 వఱకు స్త్రీ యెన్నడును అధ్యక్షురాలు కాలేదు. 1896లో ఏథెన్సున జరిగిన తొలి క్రీడలలో స్త్రీలకు ప్రవేశమే లేదు. 1900లో పారిస్ నగరమున మాత్రమే కొలదిమందికి ద్వారము తెఱచిరి. అదే పారిస్‌లో 2024లో స్త్రీపురుషులకు సమానముగా స్థానములు కేటాయించిరి. ఈ సమానత్వమునకు నూట యిరువది నాలుగేండ్లు పట్టినది.

2025 మార్చి 20వ తేదీన గ్రీసు దేశమున జరిగిన యెన్నికలో జింబాబ్వేకు చెందిన కిర్స్టీ కోవెంట్రీ ఆఱుగురు పురుషులతో పోటీపడి గెలిచెను. 97 ఓట్లలో ఆమెకు మొదటి విడతలోనే 49 లభించెను. ఒక్కటి తగ్గినను రెండవ విడత తప్పకపోయెడిది. జూన్ 23వ తేదీన పదవి స్వీకరించెను. ఆఫ్రికా ఖండమునుండి ఆ పీఠమెక్కిన మొదటి వ్యక్తియు ఆమెయే. ఈతలో ఆమె గెలిచిన ఒలింపిక్ పతకములు ఏడు. 1980లో ఆ దేశపు స్త్రీల హాకీ జట్టు గెలిచిన స్వర్ణముతో కలిపి, 2024 క్రీడల వఱకు జింబాబ్వేకు వచ్చిన పతకములు ఎనిమిది. అన్నియు స్త్రీలు తెచ్చినవే!

జపాను

జపాను స్త్రీలు తొలిసారి ఓటు వేసినది 1946 ఏప్రిల్ 10వ తేదీన. ఆ యెన్నికలో ముప్పది తొమ్మిదిమంది స్త్రీలు గెలిచి దిగువసభలో ప్రవేశించిరి. అంత గొప్పగా నారంభమైనను, స్త్రీ ప్రధానమంత్రి యగుటకు దాదాపు ఎనుబదేండ్లు కావలసివచ్చెను. 2025 అక్టోబరు 21వ తేదీన సనాయె తకాయిచి ఆ పదవికి వచ్చెను.

ఇచట మన సోదరీమణులు విచారింపదగిన విషయ మొకటి కలదు. వివాహమైన దంపతులిరువురకు ఇంటిపేరు ఒక్కటియే యుండవలెనని జపాను పౌరస్మృతి శాసించుచున్నది. ఎవరిదైనను ఉంచుకొనవచ్చునని చట్టము చెప్పినను, నూటికి సుమారు తొంబదియైదు జంటలలో భార్యయే తన పేరును విడుచుచున్నది. పుట్టినింటి పేరుతో పరిశోధనలు ప్రకటించిన స్త్రీకి, వ్యాపారము సాగించిన స్త్రీకి ఇది కష్టము కాదా? ఎవరి పేరు వారుంచుకొను హక్కు కొఱకు కొందఱు న్యాయస్థానమునకు పోయిరి గాని, 2015లోను, 2021లోను అత్యున్నత న్యాయస్థానము చట్టము సక్రమమే యనెను. తకాయిచి సైతము ఈ చట్టమును మార్చుటకు వ్యతిరేకురాలుగనే పేరొందినది. పుట్టినింటి పేరును ఉద్యోగ వ్యవహారములలో వాడుకొను సౌకర్యమును పెంచిన చాలునని ఆమె వాదము. చిత్రమేమనగా, 2021 నాటి ఆమె వివాహమున భర్తయే ఆమె యింటిపేరును స్వీకరించెను.

పెండ్లితో ఇంటిపేరు మార్చుకొనుట మన తెలుగు నాట వాడుకయే గాని, చట్టము నిర్బంధించుటలేదు. పదవిలో స్త్రీ యున్నంత మాత్రమున స్త్రీల సమస్యలన్నియు తీఱునని తలంపరాదు. తొలి స్త్రీ యని సంతోషింపవచ్చును. ఆమె యేమి చేసెనో విమర్శింపనువచ్చును. రెండును చేయుటయే వివేకము.

నేపాళము

మన పొరుగుననున్న నేపాళమున 2025 సెప్టెంబరు మాసమున ప్రభుత్వము సామాజిక మాధ్యమములను నిషేధింపగా, అవినీతిచే మున్నే విసిగియున్న యువజనులు వీధులకెక్కిరి. పెక్కుమంది ప్రాణములు గోల్పోయిరి. ప్రధానమంత్రి ఓలీ రాజీనామా చేసెను. సెప్టెంబరు 12వ తేదీన సుశీలా కార్కీ తాత్కాలిక ప్రధానిగా ప్రమాణము చేసెను. ఎన్నికలు జరిపించుట ఆమె కప్పగింపబడిన ముఖ్యకార్యము. ఆమె కాశీ హిందూ విశ్వవిద్యాలయమున చదివినది. 2016లో నేపాళ ప్రధాన న్యాయమూర్తియైన తొలి స్త్రీ. 2017లో ఆమెపై నభిశంసన తీర్మానము పెట్టి, పిమ్మట ఉపసంహరించుకొనిరి. ఒత్తిడికి లొంగని న్యాయమూర్తి యన్న పేరే, కల్లోల సమయమున యువజనులకు ఆమెను గుర్తుకు తెచ్చినది.

అక్షరలోకము

2024లో నోబెల్ సాహిత్య బహుమానము దక్షిణ కొరియా రచయిత్రి హాన్ కాంగునకు లభించెను. ఆసియా స్త్రీలలో దాని నందిన మొదటి వ్యక్తి ఆమె. 2025 మే మాసమున మన పొరుగు కన్నడ రచయిత్రి బాను ముస్తాక్ ‘హార్ట్ ల్యాంప్’ అను కథల సంపుటమునకు అంతర్జాతీయ బుకర్ బహుమానము నందెను. ముసల్మాను గృహములలోని స్త్రీల సుఖదుఃఖములే ఆమె కథావస్తువులు. ఆ బహుమానమును కన్నడము నుండి ఆంగ్లమున కనువదించిన దీపా భాస్తితో సమముగా పంచిరి. ఇంటి గడప లోపలి మాటలు లోకమంతయు వినదగినవని దీనివలన తెలియుచున్నది.

చదువుకొను విధము

మా చదువరులకు మేము చెప్పునది స్వల్పము. పేరు కనబడినప్పుడు నాలుగు ప్రశ్నలు వేసికొనుడు: ఆ దేశ మెక్కడ? ఆ పదవి యెట్టిది? అంతకుముందు ఎందుకు స్త్రీ రాలేదు? ఇప్పు డెట్లు వచ్చినది? గోడకు ప్రపంచపటమును తగిలించి, ప్రతి పేరును పటములో చూపుడు. ఎన్నికైన తేదీని, పదవి స్వీకరించిన తేదీని వేఱుగా వ్రాయుడు. పరీక్షకులు తడబాటు కలిగించునది ఇచటనే. ‘తొలి’ యను మాట చూచినచో దేనికి తొలియో విచారింపుడు. నేపాళమునకు తొలి మహిళా రాష్ట్రపతి 2015లో ఎన్నికైన విద్యాదేవి భండారి. తొలి మహిళా ప్రధాని సుశీలా కార్కీ. ప్రపంచమునకే తొలి మహిళా ప్రధాని 1960లో సింహళమున పదవికి వచ్చిన సిరిమావో బండారనాయకె. అట్లే, ఐక్యరాజ్యసమితి సాధారణ సభకు 1953లో మన విజయలక్ష్మీ పండిట్ అధ్యక్షత వహించెను గాని, 2025 ముగియునాటికి ఆ సమితి ప్రధాన కార్యదర్శులైన తొమ్మండుగురును పురుషులే. కొన్ని పేర్లు లేకుండుట కూడ తెలిసికొనవలసిన వార్తయే.

తుదకు మన దేశపు ముచ్చట యొక్కటి చెప్పి ముగింతుము. 1951–52లో జరిగిన మన మొదటి సాధారణ యెన్నికలకు జాబితాలు తయారు చేయునప్పుడు, ముఖ్యముగా ఉత్తరాదిని, లక్షలాది స్త్రీలు తమ పేరు చెప్పుటకు సంకోచించి “ఫలానావాని భార్యను”, “ఫలానావాని తల్లిని” అని మాత్రమే చెప్పిరి. పేరు లేనిదే ఓటు లేదని నిర్ణయింపగా, సుమారు 28 లక్షలమంది స్త్రీల నమోదు రద్దయ్యెను. వారికి హక్కు లేకపోలేదు. జాబితాలో పేరే లేదు.

సోదరీమణులారా! పేరన్నది ఒక్క మార్కు కొఱకు కంఠస్థము చేయు మాట కాదు. దానిని చెప్పుకొనుటకే ఒక తరమువారు జంకిరి. దానిని నిలుపుకొనుటకు నేటికిని కొన్ని దేశములందు పోరాడుచున్నారు. రేపు మీ యమ్మాయి పుస్తకము తెఱచి పేర్లు చదువునప్పుడు, పొయ్యి తగ్గించి ఒక్క నిమిషము ఆమె ప్రక్కను కూర్చుండుడు. “ఈమె యెవరమ్మా? ఎట్లు వచ్చినది?” అని యడుగుడు. ఆమెకు తెలియనిచో ఇరువురును కలిసి వెదకుడు. ఆ పిల్ల పరీక్షలో నెగ్గుటకును, ఆ పేరు మఱువబడకుండుటకును ఆ యొక్క ప్రశ్నయే దారి చూపును.