మనశ్శాస్త్ర వృత్తి - మన స్త్రీలు

మనోవ్యథను మాటలతో మాన్పు విద్య మన దేశమున పురుషుల చేతులలో పుట్టి క్రమముగా స్త్రీల చేతులలోనికి వచ్చుచున్నది. 1916లో కలకత్తాయందు నరేంద్రనాథ సేన్‌గుప్తగారును, 1924లో మైసూరునందు ఎం. వి. గోపాలస్వామిగారును విశ్వవిద్యాలయములలో ఈ శాస్త్రమునకు శాఖలు నెలకొల్పిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో దానికి ప్రతిష్ఠ తెచ్చినవారు కోనేరు రామకృష్ణారావుగారు. నేడు ఆ తరగతులలో విద్యార్థినులే అధికము.

అమెరికాలోను ఇట్లే జరిగినది. మేరీ కాల్కిన్స్ అను విదుషికి, పరీక్షలన్నిట నెగ్గినను, స్త్రీ యను కారణమున హార్వర్డువారు పట్టమీయరైరి. ఆమెయే 1905లో అచ్చటి మనశ్శాస్త్ర సంఘమునకు అధ్యక్షురాలయ్యెను. ఇప్పుడచ్చట ఈ శాస్త్రమున డాక్టరు పట్టము పొందువారిలో నూటికి డెబ్బదిమందికి పైగా స్త్రీలే.

ఇది సంతోషింపదగినదే. కాని మాకొక శంక గలదు. జీతము చాలని వృత్తిని మగపిల్లలు విడిచి ఇంజనీరింగునకు పోవుటయు, "ఆడపిల్లకు ఇది చాలును" అని పెద్దలు దానిని వారికి వదలుటయు మనమెరుగనిది కాదు. విడిచిన ఆసనము నిచ్చుట గౌరవించుట యగునా?

కర్నూలు, ఎమ్మిగనూరుల నడుమనున్న కోడుమూరునే తీసికొందము. వానలు తప్పును, వేరుసెనగ ఎండును, అప్పు పెరుగును. ఈ పడమటి సీమనుండి కుటుంబములు సుగ్గికని గుంటూరు దిక్కునకు తరలును. అప్పులకు తాళలేక భర్త పురుగులమందు త్రాగిన యింట మిగిలిన ఇల్లాలు తన గుండెలోని మాట ఎవరికి చెప్పుకొనును? పరపురుషుని యెదుట ఆమె నోరు విప్పదు. 2022లో కేంద్ర ప్రభుత్వము 14416 సంఖ్యతో టెలిఫోను సలహా నేర్పరచినది, మంచిదే. కాని అనేక గృహములలో ఆ ఫోను మగవాని జేబులో నుండును.

జిల్లా మానసికారోగ్య పథకమునకు నమూనా పొరుగుననున్న బళ్లారియే. 1980 తరువాతి దశాబ్దమున బెంగుళూరు నిమ్హాన్సువారు అచ్చట దానిని పరీక్షించి చూచిరి. ఆదోని తాలూకా 1953 వరకు బళ్లారి జిల్లాలోనిదే. ఆంధ్రులము కోరి తెచ్చుకొన్న తాలూకాకు ఆ మేలు మనమే చేయవలసియుండెను. 1996లో మొదలైన ఆ పథకమున మనశ్శాస్త్ర నిపుణుల పదవి జిల్లాకొక్కటి. నంద్యాల విడిపోయిన పిదపను కర్నూలు జిల్లా జనసంఖ్య 20 లక్షలకు పైమాట!

చికిత్స చేయుటకు అర్హత పొందవలెనన్న పట్టమునకు మూడేండ్లు, ఎం.ఏ.కు రెండేండ్లు, ఆపై ఆసుపత్రిలో రెండేండ్ల శిక్షణ సాధారణముగా పట్టును. ఇన్నేండ్లు చదివిన యువతి ఊరికి రావలెనన్న ఆమెకు నిలుకడైన ఉద్యోగము, తగిన జీతము, భద్రమైన బస ఉండవలదా? ఏటేట పొడిగించు కాంట్రాక్టు కాగితమును నమ్ముకొని ఆమె హైదరాబాదు విడిచి రాదు. రాలేదని నిందించుటయు న్యాయము కాదు.

కావున ఆదోని, ఎమ్మిగనూరు, కోడుమూరు ప్రభుత్వ వైద్యశాలలలో ఒక్కొక్క స్థిరమైన పదవిని మంజూరు చేసి, వానిలో స్త్రీలను నియమింపవలెనని మేము ప్రభుత్వమును కోరుచున్నాము. ఈ సీమ బాలికలకు ఆ రెండేండ్ల శిక్షణకు వేతనమిచ్చుట జిల్లా పరిషత్తునకు అలవికాని భారము కాదు. కుమార్తెలను ఎం.ఏ. దాక చదివించి పెండ్లి పేర నిలిపివేయు మన భూస్వాములును ఆ రెండేండ్లు ఓపిక పట్టవలెను.