ఆ పొగలో మన ముక్కుదాకా వచ్చేదెంత?

పోయిన నెల ఒక పాఠకుడి ఉత్తరం వచ్చింది. వాళ్ళ ఊరికి ముప్పై కిలోమీటర్ల దూరంలో బొగ్గు కరెంటు ప్లాంటు ఉందట. "దాని పొగలో నేను పీల్చేది ఎంత? గ్రాముల్లో చెప్పగలరా?" అని అడిగారు. అంత మంచి ప్రశ్న వచ్చాక ఈ నెలకి అనుకున్న వ్యాసం పక్కన పెట్టేశాను.

ఆయన అలా అడగడానికి ఒక కారణముంది. థర్మల్ ప్లాంట్లు వదిలే సల్ఫర్ డయాక్సైడ్‌కి 2015 డిసెంబరులో కేంద్రం ఒక హద్దు పెట్టింది. పెద్ద నగరాలకీ, కాలుష్యం మితిమీరిన ప్రాంతాలకీ 10 కిలోమీటర్లకు ఆవల ఉన్న ప్లాంట్లకు ఆ హద్దు వర్తించదని 2025 జూలైలో పర్యావరణ మంత్రిత్వ శాఖ ప్రకటించింది. దేశంలో ఎక్కువ ప్లాంట్లు ఈ కోవలోకే వస్తాయి. పొగగొట్టం ఎత్తు నిబంధన పాటిస్తే వాటికి చాలు. దూరం, ఎత్తు ఉంటే ఇక ఫర్వాలేదన్నమాట. నిజంగానే ఫర్వాలేదా?

ఒక రసాయనం మనుషులకు చేసే హాని మూడు అంకెల గుణకారం. ఎంత వదిలారు, అందులో ఎంత భాగం మనుషుల ఒంట్లోకి చేరింది, చేరిన ప్రతి గ్రామూ ఎంత చెరుపు చేస్తుంది. మొదటిదాన్ని తూకం వేయొచ్చు. మూడోదానికోసం ఎలుకల మీద పరీక్షలు, ఫ్యాక్టరీ కార్మికుల ఆరోగ్య రికార్డులు, వాటి మీద అంతులేని వాదాలు ఉన్నాయి. నన్ను పట్టుకుని వదలనిది రెండోది. దాని లెక్క కాగితం, పెన్సిలు ఉంటే ఎవరైనా వేయొచ్చు.

వంటింట్లోంచి మొదలుపెడదాం. నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తున్న గది. అంటే 30 ఘనపు మీటర్ల గాలి. కిటికీలోంచి, పెంకుల సందుల్లోంచి ఆ గాలి గంటకు పదిసార్లు మారుతుందనుకుందాం. గంటకు 300 ఘనపు మీటర్లు వచ్చిపోతుంది. పొయ్యి దగ్గర కూర్చున్న ఒక మనిషి గంటకు సుమారు 600 లీటర్లు, అంటే 0.6 ఘనపు మీటర్లు పీలుస్తుంది. పొగ గదంతా కలిసిపోయిందనుకుంటే, అది బయటికి పోవడానికి రెండే దార్లు: కిటికీ, ముక్కు. ముక్కు దారిన పోయేది 300లో 0.6 వంతు. అంటే 500లో ఒక వంతు.

ఈ లెక్కలో పొగ ఎంతో రాలేదు, ఏ రసాయనమో రాలేదు. పీల్చే వేగాన్ని గాలి కదిలే వేగంతో భాగించాం, అంతే. నాకు ఇందులో ముచ్చటగా తోచేది ఆ సంగతే.

ఇప్పుడు గోడలు పెరికి ఊరంత దూరం జరుపుదాం. పది కిలోమీటర్ల వెడల్పున్న నగరం, 50 లక్షల జనం. పొగ నేల నుంచి 500 మీటర్ల ఎత్తుదాకా కలుస్తుంది, గాలి సెకనుకు రెండు మీటర్లు వీస్తోంది. నగరం మీదుగా సెకనుకు కోటి ఘనపు మీటర్ల గాలి పోతుంది. గంటకైతే 3,600 కోట్లు. జనమంతా కలిసి గంటలో పీల్చేది 30 లక్షల ఘనపు మీటర్లు. భాగిస్తే 12,000లో ఒక వంతు.

ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. నగరంలో బస్సులూ లారీలూ వదిలిన పొగలో 50 లక్షల ముక్కులు కలిసి పీల్చే వాటాకన్నా, పొయ్యి పొగలో ఆ ఒక్క మనిషి పీల్చే వాటా 24 రెట్లు ఎక్కువ! ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు నమ్మలేక మళ్ళీ మొదట్నుంచీ వేశాను.

కిర్క్ స్మిత్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 1980ల మొదట్లో గుజరాత్ పల్లెలకు వచ్చి, వంట చేస్తున్న ఆడవాళ్ళ దగ్గరే పరికరాలు పెట్టి పొగ కొలిచాడు. అప్పటిదాకా కాలుష్యం కొలిచే పరికరాలు నగరాల కూడళ్ళలో ఉండేవి. విషం తీవ్రత మోతాదులో ఉందని పదహారో శతాబ్దంలో పారాసెల్సస్ చెప్పాడు. ఎక్కడ వదిలామన్నది కూడా అంతే ముఖ్యమని స్మిత్ జీవితాంతం చెబుతూ వచ్చాడు. 2002లో ఆయనా, మరికొందరూ కలిసి ఈ వాటాకు ఇన్‌టేక్ ఫ్రాక్షన్ అని పేరు ఖాయం చేశారు. నేను పీల్పు వాటా అంటాను.

చలికాలం తెల్లవారుజామున ఇదే నగరాన్ని చూడండి. నేల చల్లబడి, పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. పొగ వంద మీటర్లు కూడా దాటదు. గాలి వేగం సెకనుకు ఒక మీటరుకు పడిపోతుంది. బండి ఒక్కటీ పెరగకుండానే పీల్పు వాటా పదింతలైంది. 1,200లో ఒకటి.

మరి పొగగొట్టం? నిర్జన ప్రాంతంలో ఎత్తయిన గొట్టం వదిలే ధూళికి పీల్పు వాటా పది లక్షల్లో ఒకటి నుంచి కొన్ని వంతులు మాత్రమే. అందుకే దాదాపు వందేళ్ళు ఇంజనీర్లు దీన్నే పరిష్కారమనుకున్నారు. కెనడాలోని సడ్‌బరీలో 1972లో నికెల్ కార్ఖానాకు 381 మీటర్ల పొగగొట్టం కట్టారు. ఊళ్ళో గాలి బాగుపడింది. సల్ఫర్ మాత్రం దూరాన ఉన్న సరస్సుల మీద ఆమ్ల వర్షమై కురిసింది. మన దేశంలోనూ 500 మెగావాట్ల యూనిట్లకు 275 మీటర్ల గొట్టం ఉండాలన్నది పాత నిబంధన.

ఇక్కడ రెండు తప్పులు ఉన్నాయి. మొదటిది, పలచబడితే హాని పోతుందనుకోవడం. పదిమంది పది పాళ్ళు పీల్చినా, వందమంది ఒక్కో పాలు పీల్చినా ఒంట్లోకి పోయిన మొత్తం ఒకటే. ఫలానా మోతాదు దిగువన హాని లేదని గీత గీయగలిగితే పలచన చేయడం పనికొచ్చేది. సన్న ధూళికి అలాంటి గీత దొరకలేదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దాని సగటు హద్దును ఘనపు మీటరుకు 10 నుంచి 5 మైక్రోగ్రాములకు దించింది. మన హద్దు ఇంకా 40.

రెండోది ఇంకా పెద్దది. సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో సల్ఫర్ డయాక్సైడ్‌గా మిగలదు. ఎండలో గంటకు నూటికి ఒకటి రెండు వంతుల చొప్పున, మేఘంలో చిక్కితే ఇంకా వేగంగా, సల్ఫేట్ అనే సన్న ధూళిగా మారుతుంది. సెకనుకు నాలుగు మీటర్ల గాలిలో ఒక రోజుకు 345 కిలోమీటర్లు పోతుంది. ఆ దార్లో ఎన్ని ఊళ్ళు! గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ తక్కువే ఉంది కదా అని మినహాయింపుకు మద్దతుగా వాదించారు. పాలు తోడుకున్నాక కుండలో పాలు లేవు కదా అన్నట్టుంది ఆ మాట.

అసలు ముక్కుతో పనే లేని విషాలూ ఉన్నాయి. డయాక్సిన్లు గడ్డి మీద వాలి, పశువు కొవ్వులో చేరి, పాలలో, మాంసంలో మన దగ్గరికొస్తాయి. మనకు చేరే డయాక్సిన్లలో నూటికి తొంభైకి పైగా తిండి ద్వారానే. పొగగొట్టానికీ, ఊరికీ మధ్య దూరం కొలిచి వాటి లెక్క తేల్చలేం.

టన్నుల్లో చెప్పి ఊరుకోవడం మరో పాత అలవాటు. 1984 భోపాల్ తర్వాత, 1985లో పశ్చిమ వర్జీనియాలో అదే కంపెనీ కార్ఖానాలో మరో లీకు జరిగాక, అమెరికా 1986లో ఒక చట్టం చేసింది. ఏ ఫ్యాక్టరీ ఏ రసాయనం ఎన్ని పౌండ్లు వదిలిందో జనానికి చెప్పి తీరాలి. గొప్ప చట్టం. కానీ పౌండ్ల వరసలో అంత ప్రమాదం లేనివి పైన, అసలు విషాలు అడుగున కూర్చున్నాయి. 2001లో హెర్ట్‌విచ్, మెక్‌కోన్ ప్రభృతులు ప్రతి రసాయనానికీ చేరే మోతాదును విష తీవ్రతతో గుణించి, క్యాన్సర్ కారకాల్ని బెంజీన్‌తో, మిగతావాటిని టాలూయిన్‌తో పోల్చి చెప్పారు. రకరకాల నాణేలన్నీ రూపాయిల్లోకి మార్చినట్టు.

ఈ పద్ధతి వచ్చి ఇన్నేళ్ళయినా మన నిబంధనలు గొట్టం మూతి దగ్గర ఘనపు మీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అని తప్ప, ఆ గాలి దిగువన ఎంతమంది ఉన్నారని అడగవు. కొత్త ప్రకటన అడిగింది, కానీ 10 కిలోమీటర్ల దాకానే.

ఉత్తరం రాసిన పాఠకుడికి: ఏటా మీరొక్కరూ పీల్చేది గ్రాముల్లో ఉండదు, అంతకన్నా చాలా తక్కువ. ఖచ్చితమైన అంకెకు ప్లాంటు వదిలే టన్నులు, మీ ఊరి గాలి వివరాలు కావాలి. పంపండి, కలిసి లెక్క వేద్దాం. శీతాకాలంలో మన వైపు గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది కాబట్టి, ఆ నెలల్లో మీ ఊరు ప్లాంటుకు నైరుతిలో ఉందో లేదో కూడా రాయండి.